బరువులెత్తొద్దని ఎవరన్నారు?

పోయినేడాది ఓ శుక్రవారం సాయంత్రం రిలీజ్ కాల్‌లో వున్నాను. మా కాన్ఫరెన్స్ రూములో ఏసీ 20 మీద పెట్టి, రిమోట్ ఎవరో దాచేస్తారు. అందరం స్వెట్టర్లేసుకుని కూర్చుంటాం. అలాంటి గదిలో నాకు ఉన్నట్టుండి ఛాతీ దగ్గర మొదలై, మెడ మీదుగా మొహం దాకా సెగ తగిలినట్టయింది. రెండు నిమిషాల్లో చెమటతో తడిసిపోయాను. ఎదురుగా కూర్చున్న కుర్రాడు, పాపం, "మేడమ్, బిల్డ్ ఫెయిలయిందని అంత టెన్షన్ పడకండి" అన్నాడు. బిల్డ్ ఫెయిలయితే నాకు చెమటలు పట్టడం మానేసి పదిహేనేళ్ళయింది నాయనా అని మనసులో అనుకుని ఊరుకున్నా.

నాకిప్పుడు 48. వై2కె హడావుడి చల్లారుతున్న రోజుల్లో అమీర్‌పేటలో కోర్సులు చేసి, ఉద్యోగాల్లో చేరిన ఆడపిల్లల బ్యాచ్ మాది. ఆ బ్యాచ్ మొత్తం ఇప్పుడు కాస్త అటూ ఇటూగా ఈ వయసులోనే వుంది. మన దేశంలో నెలసరి ఆగిపోయే సగటు వయసు 46-47 అని ఇక్కడి సర్వేలు చెప్తున్నాయి. అమెరికాలో 51. అంటే మన ఆఫీసుల్లో ఇంతమంది ఆడవాళ్ళు ఒకేసారి ఈ దశలోకి రావటం ఇదే మొదటిసారన్నమాట. అయినా ఎవ్వరం మాట్లాడం. లంచ్ టేబుల్ దగ్గర షుగరు గురించి, థైరాయిడ్ గురించి గంటలకొద్దీ చెప్పుకుంటాం, దీని గురించి మాత్రం గప్‌చిప్. (మగమహారాజులు ఇక్కడితో ఆపెయ్యనక్కర్లేదు. మీ ఇంట్లో అమ్మో, భార్యో, అక్కో వుండే వుంటారు కదా!)

సరే, డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను. ఆవిడ రెండు ముక్కలు చెప్పింది. "రోజూ వాకింగ్ చెయ్యండి, ఆవిర్లు తగ్గిపోతాయి. బరువులు మాత్రం ఎత్తకండి, ఈ వయసులో ఎముకలు గుల్లబారతాయి."

రెండో ముక్క వినగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. 1991లో, నేను తొమ్మిదో తరగతిలో వుండగా, అమ్మకి గర్భసంచి తీసేశారు, అండాశయాలతో సహా. అప్పటికి అమ్మకి 38. ఇంటికి పంపించేటప్పుడు "ఇక నీళ్ళబిందె కూడా ఎత్తకూడదమ్మా" అని చెప్పారు. మా అమ్మ మాట తప్పే మనిషి కాదు. ఆ రోజు నుంచీ బిందెలు నా డ్యూటీ అయిపోయాయి. ఆ తర్వాత పాతికేళ్ళు అమ్మ బరువైన వస్తువేదీ ఎత్తలేదు, బియ్యం బస్తా కూడా జరపలేదు. 66వ ఏట బాత్రూములో జారి మణికట్టు విరిగింది. 71వ ఏట ఏమీ జరక్కుండానే, మంచం మీద నుంచి లేస్తుంటే వెన్నుపూస ఒకటి నొక్కుకుపోయింది.

అమ్మకి చెప్పిన మాటే 34 ఏళ్ళ తర్వాత నాకూ చెప్తున్నారే అని అనిపించింది. కోడ్‌లో ఓ లైను ఎందుకుందో ఎవరికీ తెలీకపోతే మనమేం చేస్తాం? బ్లేమ్ కొట్టి, ఎప్పుడు ఎవరు రాశారో చూస్తాం. నేనూ అదే చేశాను. నాలుగైదు నెలల పాటు రాత్రిళ్ళు పబ్‌మెడ్‌లో పేపర్లు చదువుకుంటూ కూర్చున్నా. నేను డాక్టర్ని కాను, ముందే చెప్తున్నా. కానీ ఈ చరిత్ర ఇంత తమాషాగా వుంటుందని అనుకోలేదు.

అసలు మెనోపాజ్ అనే మాటే 1821లో వచ్చింది. గార్డాన్ అనే ఫ్రెంచి డాక్టరు పెట్టిన పేరది. అంతకు ముందు ఈ దశ లేదని కాదు, దానికో జబ్బు లాంటి పేరు లేదు. మన దగ్గర ముట్లుడగటం అనేవాళ్ళు, అంతే, జుట్టు నెరవటం లాగా అదీ ఒకటి. పేరు పెట్టాక వైద్యం పుట్టక తప్పదు కదా. పందొమ్మిదో శతాబ్దపు డాక్టర్లకి ఆడవాళ్ళ ఏ ఇబ్బందికైనా తోచిన మందు విశ్రాంతి. అమెరికాలో వైర్ మిచెల్ అనే పేరుమోసిన నరాల డాక్టరు 1870లలో 'రెస్ట్ క్యూర్' అని ఒకటి మొదలుపెట్టాడు. వారాల తరబడి మంచం దిగకూడదు, చదవకూడదు, రాయకూడదు, పాలూ వెన్నా మాత్రం బాగా తినాలి. ఆ వైద్యం చేయించుకుని పిచ్చెక్కినంత పనయిన షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ అనే రచయిత్రి, ఆ అనుభవంలోంచి 'ది యెల్లో వాల్‌పేపర్' అనే కథ రాసింది. అది అచ్చయింది 1892లో.

సరిగ్గా అదే 1892లో బెర్లిన్‌లో జూలియస్ వోల్ఫ్ అనే సర్జన్ ఓ పుస్తకం వేశాడు. ఆయన చెప్పిందేమిటంటే, ఎముక రాయి లాంటిది కాదు, దాని మీద పడే బరువుని బట్టి అది తనని తాను తిరిగి కట్టుకుంటుంది. బరువు పడిన చోట గట్టిపడుతుంది, పడని చోట కరిగిపోతుంది. అంతరిక్షంలో వున్న వ్యోమగాములకి నెలకి 1 నుంచి 1.5 శాతం దాకా ఎముక తరిగిపోయేది ఇందుకే. అంటే ఒకే ఏడాది, ఒక ఖండంలో ఆడవాళ్ళని మంచం మీద పడుకోబెట్టడం ఎంత ఘోరమో ఒకావిడ కథగా చెప్పింది, ఇంకో ఖండంలో పడుకుంటే ఎముకలు ఎందుకు కరుగుతాయో ఒకాయన శాస్త్రంగా చెప్పాడు. ఆ రెండూ కలిపి చదివినవాళ్ళు మాత్రం ఇంకో ఎనభై ఏళ్ళ దాకా దాదాపు లేరు.

మధ్యలో 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ ముచ్చట ఒకటి చెప్పాలి. ఆడవాళ్ళకి మొదటిసారి 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే గెలిచింది. మర్నాడు పత్రికలు, సగం మంది సొమ్మసిల్లి పడిపోయారనీ, ఆడశరీరం ఇంత శ్రమ తట్టుకోలేదనీ రాశాయి. ఆ రేసు ఫిల్ము ఇప్పటికీ వుంది. తొమ్మిది మందీ పూర్తిచేశారు. అయినా సరే, ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ 800 మీటర్లు మళ్ళీ కనపడింది 1960లోనే. పాతికేళ్ళ అథ్లెట్ల పరిస్థితే ఇదైతే, యాభై ఏళ్ళావిడ వ్యాయామం మీద పరిశోధన చెయ్యాలని ఎవరికి తోస్తుంది చెప్పండి?

తోచకపోవటానికి ఇంకో కారణం కూడా వుంది. మందు దొరికింది. 1941లో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అనే అమెరికన్ డాక్టరు, నెలసరి ఆగాక ఆడవాళ్ళ ఎముకలు గుల్లబారటానికీ, ఈస్ట్రోజెన్ తగ్గటానికీ సంబంధం వుందని చూపించాడు. మంచి పనే. ఆ మరుసటేడు, 1942లో, అమెరికాలో ప్రెమారిన్ అమ్మకానికొచ్చింది. చూడుగుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ అది (ఇంగ్లీషులో ఆ మూడు మాటల్లోంచే పేరు కూడా పెట్టారు, ఎంత నిజాయితీనో!). 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు 'ఫెమినిన్ ఫరెవర్' అనే పుస్తకంలో మెనోపాజ్ ఒక లోపం వల్ల వచ్చే జబ్బు అనీ, హార్మోను వేసుకుంటే ఆడది ఎప్పటికీ ఆడదిగానే వుంటుందనీ రాసి లక్షల కాపీలు అమ్మాడు. ఆయనకి మందుల కంపెనీల డబ్బు ముట్టిన సంగతి తర్వాత బయటపడింది. 1975లో ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపొర క్యాన్సర్ పెరుగుతోందని ఒకే సంచికలో రెండు పేపర్లొచ్చి ఆ జోరుకి బ్రేకు పడింది. తర్వాత ప్రొజెస్టిన్ కలిపి మళ్ళీ మొదలెట్టారు.

నేను హార్మోన్లకి వ్యతిరేకిని కాదు, తప్పుగా అనుకోకండి. నా బాధల్లా, 'లోపం' అని ఒకసారి పేరు పెట్టేశాక ఇక ప్రశ్న ఒక్కటే మిగిలింది: ఆ లోపాన్ని దేంతో పూడ్చాలి? రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులోనే సొల్యూషన్ రాసేస్తే ఏమవుతుందో మనకి తెలీదా!

అదే కాలంలో వ్యాయామం మీద పరిశోధన బ్రహ్మాండంగా జరుగుతోంది, కాకపోతే మగవాళ్ళ మీద. 1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చి చూశాడు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బులు తక్కువ. వ్యాయామ పరిశోధనకి ఇది పునాదిరాయి లాంటిది. అందులో వున్నది మగవాళ్ళే. తర్వాత పాఫెన్‌బర్గర్ శాన్‌ఫ్రాన్సిస్కో ఓడరేవు కూలీల్ని చూశాడు, హార్వర్డ్ పూర్వ విద్యార్థుల్ని చూశాడు. 1978 నాటి హార్వర్డ్ పేపర్లో 16,936 మంది, అందరూ మగవాళ్ళే. గుండెజబ్బు నివారణ మీద 12,866 మందితో పెద్ద ట్రయల్ ఒకటి చేశారు, దాని ముద్దుపేరే 'మిస్టర్ ఫిట్'. వయసు మళ్ళటం మీద బాల్టిమోర్‌లో 1958లో మొదలైన అధ్యయనంలోకి ఆడవాళ్ళని ఇరవై ఏళ్ళ తర్వాత, 1978లో రానిచ్చారు. ముసలితనం మగవాళ్ళకే వస్తుందని అనుకున్నారు కాబోలు.

యాదృచ్ఛికమో ఏమో, ఆ 1978లోనే జాన్ అలోయా అనే న్యూయార్క్ డాక్టరు, నెలసరి ఆగిపోయిన 18 మంది ఆడవాళ్ళతో చిన్న ప్రయోగం చేశాడు. సగం మందికి వారానికి మూడుసార్లు, గంటసేపు వ్యాయామం. ఏడాది తర్వాత చూస్తే, వ్యాయామం చేసినవాళ్ళ ఒంట్లో కాల్షియం పెరిగింది, చెయ్యనివాళ్ళలో తరిగింది. 18 మంది అంటే ఏ పాటి లెక్క? కానీ వోల్ఫ్ చెప్పింది ఈ వయసు ఆడవాళ్ళకీ వర్తిస్తుందని ఎవరో ఒకరు పరీక్షించి చూశారు కదా.

ఇక నా బ్లేమ్ వెతుకులాటలో దొంగ దొరికిన చోటు 1984. నిజానికి దొంగ కాదు, చాలా మంచి పేపరు అది. మాయో క్లినిక్‌లో మెహర్షీద్ సినాకీ అనే డాక్టరు, వెన్నెముక గుల్లబారిన 59 మంది ఆడవాళ్ళని గమనించింది. కొందరికి వెన్నుని వెనక్కి సాగదీసే వ్యాయామాలు, కొందరికి ముందుకి వంగే వ్యాయామాలు, కొందరికి రెండూ, కొందరికి ఏవీ లేవు. కొన్నాళ్ళకి ఎక్స్‌రేలు తీస్తే, వెనక్కి సాగదీసినవాళ్ళలో కొత్తగా పూసలు దెబ్బతిన్నది 16 శాతం మందికి. ముందుకి వంగినవాళ్ళలో 89 శాతం మందికి. ఏమీ చెయ్యనివాళ్ళలో 67 శాతం మందికి.

ఈ లెక్కని మళ్ళీ ఒకసారి చూడండి. అన్నిటికన్నా మేలు సరైన వ్యాయామం. ఏమీ చెయ్యకుండా కూర్చోవటం కూడా ప్రమాదమే. పైగా ముందుకి వంగిన గుంపులో వున్నది తొమ్మిది మంది, ఏమీ చెయ్యని గుంపులో ఆరుగురు. కానీ ఆ పేపరు నుంచి నోటికి నోటికీ పాకింది "వంగొద్దు" అనే ముక్క ఒక్కటే. వంగొద్దు కాస్తా ఎత్తొద్దు అయింది, ఎత్తొద్దు కాస్తా జాగ్రత్తగా కూర్చో అయిందని నా అనుమానం. మా అమ్మ విషయంలో ఇంకోటి కూడా కలిసింది. పెద్దాపరేషన్ తర్వాత కుట్లు లోపలా బయటా మానేదాకా కొన్ని వారాలు బరువులెత్తొద్దనటం సబబే. ఆ "కొన్ని వారాలు" అనే మాట మా అమ్మ దాకా రాలేదు. టెంపరరీ ఫిక్స్ అని పెట్టింది ప్రొడక్షన్‌లో పాతికేళ్ళు నడిచింది.

ఆపరేషన్ అయిన మూడేళ్ళకి, 1994లో, మిరియమ్ నెల్సన్ అనే టఫ్ట్స్ యూనివర్సిటీ శాస్త్రవేత్త ఒక పేపరు వేసింది. 50 నుంచి 70 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళు 39 మంది, హార్మోన్లు వాడనివాళ్ళు. సగం మందితో వారానికి రెండుసార్లు గట్టిగా బరువులెత్తించింది. ఏడాది తర్వాత వాళ్ళ ఎముక సాంద్రత దాదాపు 1 శాతం పెరిగింది. ఎత్తనివాళ్ళది సుమారు 2 శాతం తగ్గింది. అంతకు ముందే, 1990లో, అదే బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ళ వాళ్ళతో ఎనిమిది వారాలు బరువులెత్తించి, కాళ్ళ బలం రెట్టింపుని మించి పెరిగిందని చూపించింది. తొంభై ఏళ్ళ ముసలమ్మలు ఎత్తారండీ బరువులు! మా అమ్మ అప్పుడు నలభై దాటిన మనిషి, బిందె వైపు చూడటానిక్కూడా భయపడుతూ వుండేది.

మరి ఇవన్నీ ఎందుకు జనంలోకి రాలేదు? నాకు అర్థమైనంతలో కారణం 2002.

1991లో అమెరికా జాతీయ వైద్య పరిశోధనా సంస్థకి మొదటి మహిళా అధిపతిగా బెర్నాడిన్ హీలీ వచ్చింది. వచ్చీ రాగానే నెలసరి ఆగిన ఆడవాళ్ళ మీద భారీ అధ్యయనం ఒకటి ప్రకటించింది. 50-79 ఏళ్ళ మధ్య 1,61,808 మంది. హార్మోన్ల ట్రయల్ ఒకటి, కొవ్వు తగ్గించిన తిండి మీద ఒకటి, కాల్షియం-విటమిన్ డి మీద ఒకటి. వ్యాయామం మీద ట్రయల్ లేదు. దాన్ని ట్రయల్ చెయ్యకుండా పక్కనుంచి గమనించే గుంపులో కొలిచారంతే. వాళ్ళలో 73,743 మందిని చూసి జోఆన్ మాన్సన్ 2002లో ఇచ్చిన ఫలితం ఏమిటంటే, చెమటలు కక్కేలా వ్యాయామం చేసినా, చకచకా నడిచినా గుండెకి దాదాపు ఒకే మేలు. మంచి వార్త. కానీ అదే ఏడాది జులైలో హార్మోన్ల ట్రయల్ని మధ్యలో ఆపేశారు. రొమ్ము క్యాన్సరు, గుండెపోటు, పక్షవాతం కాస్త పెరిగాయని. ఇక ప్రపంచమంతా అదే వార్త. లక్షలమంది రాత్రికి రాత్రి మాత్రలు మానేశారు. (ఆ ట్రయల్లో వాళ్ళ సగటు వయసు 63 అనీ, నెలసరి ఆగిన కొత్తల్లో మొదలెట్టేవాళ్ళకి లెక్క వేరనీ తర్వాత తేలింది. ఆ గొడవ వేరే, దానికి మీ డాక్టరుతో మాట్లాడండి.)

మాత్రలు మానేసినవాళ్ళకి ఆవిర్లు తిరిగొచ్చాయి. మరి ప్రత్యామ్నాయం ఏది? అప్పుడు గుర్తొచ్చింది వ్యాయామం. అంతవరకూ ఎవరూ పట్టించుకోని కుర్రాణ్ణి పిలిచి, ఉద్యోగం మానేసినవాడి పని మొత్తం నువ్వు చెయ్యగలవా అని ఇంటర్వ్యూ చేసినట్టు.

ఆశ పడటానికి ఆధారం లేకపోలేదు. 1990లో స్వీడన్‌లోని లింకోపింగ్‌లో మాట్స్ హామర్ బృందం, వ్యాయామ క్లబ్బులకెళ్ళే ఆడవాళ్ళలో తీవ్రమైన ఆవిర్లు మిగతావాళ్ళకంటే సగమే వున్నాయని చూసింది. మా డాక్టరమ్మ మొదటి ముక్కకి మూలం ఇక్కడే వుందనుకుంటా. కానీ క్లబ్బుకెళ్ళేవాళ్ళు ఆరోగ్యంగా వుండబట్టే వెళ్తున్నారేమో? ఎ/బి టెస్ట్ చెయ్యందే ఎలా తెలుస్తుంది? చేశారు. అమెరికాలో 2014లో ఎంఎస్‌ఫ్లాష్ అనే ట్రయల్లో 248 మందిని లాటరీ వేసినట్టు విడగొట్టి, 106 మందితో 12 వారాలు ఏరోబిక్ వ్యాయామం చేయించారు. ఆవిర్లలో తేడా లేదు. నిద్ర, మనసు కాస్త మెరుగయ్యాయి. యోగా గుంపులోనూ అంతే, ఆవిర్లు తగ్గలేదు, నిద్ర బాగుపడింది. అదే ఏడాది కోక్రేన్ వాళ్ళు అప్పటికున్న ఐదు ట్రయల్స్ కలిపి చూసి, పనిచేస్తుందని చెప్పటానికి ఆధారం చాలదన్నారు. 2023లో అమెరికా మెనోపాజ్ సొసైటీ, ఆవిర్ల కోసమైతే వ్యాయామాన్నీ యోగానీ సిఫార్సు చెయ్యలేం అని చెప్పేసింది.

మన వైపు నుంచి ఒక మాట. బెంగుళూరులో ఎస్-వ్యాస వాళ్ళు 120 మందితో ఎనిమిది వారాలు చేసి 2008లో వేసిన పేపర్లో యోగా గుంపుకి ఆవిర్లూ, చెమటలూ తగ్గాయని వచ్చింది. అలాగే, అదే లింకోపింగ్‌లో 2019లో 65 మందితో చేసిన ట్రయల్లో, వారానికి మూడుసార్లు 15 వారాలు బరువులెత్తినవాళ్ళకి ఆవిర్లు నలభై శాతం పైగా తగ్గాయి. అంటే కథ పూర్తిగా ముగియలేదు. కానీ ఇలాంటి ట్రయల్స్‌లో ఓ చిక్కుంది. యోగా చేస్తున్నామో లేదో చేసేవాళ్ళకి తెలియకుండా దాచలేం కదా, మాత్రకైతే డమ్మీ మాత్ర వుంటుంది. పైగా ఆవిర్ల లెక్క ఎవరికి వాళ్ళు రాసుకునేదే. నాకైతే చిన్న ట్రయల్సే ఆశ పెడుతున్నాయి, పెద్దవి పెట్టట్లేదు అనిపిస్తుంది. ఒంట్లో థర్మోస్టాట్ సెట్టింగు ఇరుకైపోయి, కాస్త వేడి పెరిగినా చెమట పట్టించెయ్యటమే ఆవిరి అని రాబర్ట్ ఫ్రీడ్‌మన్ వివరించాడు. మరి వ్యాయామం కూడా ఒంటిని వేడెక్కించేదేగా!

ఇక్కడ నాకు కోపం వచ్చింది. ఆవిర్ల పరీక్షలో తప్పిందని వ్యాయామం గురించి "ఏముంది, పెద్ద ఉపయోగం లేదట" అనే మాట పుట్టింది. ఆ పరీక్ష పేపరు మాత్ర కోసం తయారుచేసింది. ఎముక, కండ, గుండె పరీక్షలో దాని మార్కులు ఎవరూ చదవలేదు.

ఆ మార్కులు ఇవిగో. ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ యూనివర్సిటీలో బెలిండా బెక్ బృందం లిఫ్ట్‌మోర్ అనే ట్రయల్ చేసింది, ఫలితాలు 2018 సంచికలో అచ్చయ్యాయి. 101 మంది, అందరూ 58 దాటినవాళ్ళు, అందరికీ ఎముక సాంద్రత తక్కువ. అంటే మా డాక్టరమ్మ "వద్దు" అనే బాపతు. వాళ్ళలో సగం మంది చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు డెడ్‌లిఫ్టులు, స్క్వాట్లు, తలపైకి బరువెత్తటం, కడ్డీ పట్టుకుని ఎగిరి దబ్బున నేల మీదకి దిగటం చేయించారు. పిల్లాట బరువులు కాదు, ఒక్కసారికి ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80-85 శాతం పైనే. మిగతా సగం ఇంట్లో తేలిక వ్యాయామాలు. బరువులెత్తినవాళ్ళ వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది, మిగతావాళ్ళది 1.2 శాతం తగ్గింది. ఎముకలు విరిగాయా అంటే, మొత్తానికి ఒకావిడకి నడుము కాస్త పట్టేసింది, అంతే. కాకపోతే ప్రతి క్లాసులోనూ తెలిసినవాళ్ళు పక్కన నిలబడి చూశారు, మొదటి నెలంతా పద్ధతి నేర్పడానికే పెట్టారు. యూట్యూబు చూసి రేపొద్దున్న మొదలెట్టకండి దయచేసి. జర్మనీలో ఎర్లాంగెన్‌లో 1998లో మొదలైన అధ్యయనమైతే కొందరు ఆడవాళ్ళని 16 ఏళ్ళు అనుసరించింది. వ్యాయామం మానకుండా చేసినవాళ్ళ ఎముకలు నెమ్మదిగా తరిగాయి.

ఇదంతా మా అత్తగారి ఊళ్ళో మిరపకాయలు కోసే ఆవిడకి చెప్తే నవ్వుతుంది. మొదట నాక్కూడా ఆ ప్రశ్నే వచ్చింది. బరువులే మందయితే, తట్టలు మోసేవాళ్ళ ఎముకలు ఉక్కులా వుండాలి కదా? దీనికి సమాధానం హైదరాబాదులోనే దొరికింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న బృందం 30-60 ఏళ్ళ మధ్య పేద ఆడవాళ్ళు 289 మందిని పరీక్షించి 2005లో పేపరు వేసింది. తుంటి ఎముక మెడ దగ్గర కొలిస్తే, 29 శాతం మందికి ఎముకలు గుల్లబారాయి, ఇంకో 52 శాతం మందికి అప్పటికే పల్చబడ్డాయి. వాళ్ళ తిండిలో రోజుకి కాల్షియం 300 మిల్లీగ్రాములు కూడా లేదు. వోల్ఫ్ సూత్రం తప్పు కాదు, ఎముక తిరిగి కట్టుకోవాలంటే ఇటుకలుండాలిగా! ఈ వ్యాయామ ట్రయల్స్ అన్నీ కడుపునిండా తిన్న దేశాల్లో జరిగినవి. వాటిని మనవాళ్ళందరికీ అలాగే కాపీ-పేస్ట్ చేస్తే కుదరదు. కూలిపని చేసే ఆవిడకి కావలసింది డెడ్‌లిఫ్టు కాదు, పాలూ గుడ్డూ, కాస్త విశ్రాంతీ. రోజంతా కుర్చీలో కూర్చునే నాకు కావలసింది దానికి సరిగ్గా తిరగేసింది.

ఇంకో అంకె చెప్పి వదిలేస్తా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. దేశంలో మనమే ముందు. వాళ్ళలో అండాశయాలు కూడా పోగొట్టుకున్నవాళ్ళకి మెనోపాజ్ 46లో కాదు, ఆపరేషన్ బల్ల మీదే వచ్చేస్తుంది. అమ్మకొచ్చినట్టు. వాళ్ళని పెట్టుకుని, ఏ తిండితో ఏ వ్యాయామం పనిచేస్తుందో చూసే పెద్ద ట్రయల్ మన దగ్గర జరగాలి కదా? నేను వెతికినంతలో నాకు కనపడలేదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఇదంతా అమ్మకి చెప్పాను. ఇప్పుడు ఫిజియోథెరపిస్టు ఒకమ్మాయి వారానికి రెండుసార్లు ఇంటికొస్తోంది. వెన్నుపూస దెబ్బతింది కాబట్టి ముందుకి వంగేవి ఏవీ లేవు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవటంతో మొదలుపెట్టి, ఇప్పుడు చేతికో లీటరు నీళ్ళ సీసా పట్టుకుని లేచే దాకా వచ్చింది. మొత్తం విని అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ బిందెలు నేనే మోసుకోవాల్సిందన్నమాట. అనవసరంగా నీతో మోయించానే" అంది.

నాకేం చెప్పాలో తోచలేదు. మోసినందుకు నాకు మంచే జరిగిందేమోలే అమ్మా అన్నాను.

నేను మాత్రం డిసెంబరు నుంచీ జిమ్ముకెళ్తున్నా, కోచ్ పక్కన నిలబడి చూస్తుంటే డెడ్‌లిఫ్టు 35 కిలోల దాకా వచ్చింది. ఆవిర్లు ఇంకా వస్తూనే వున్నాయి. ఏసీ రిమోట్ ఇప్పుడు నా డ్రాయర్లో వుంటోంది.